టాకో వెతుక్కుంటూ...

మెక్సికో వీధుల్లో దొరికే అసలు సిసలు టాకో సికింద్రాబాద్‌లో దొరుకుతుందా? పన్నెండేళ్ల మేనల్లుడు అడిగిన ప్రశ్నకు జవాబు కోసం బయల్దేరితే... కెఫేలూ సూపర్‌మార్కెట్లూ దాటి, మోండా మార్కెట్ చుట్టి, తార్నాక మీదుగా తిరిగి, చివరికి మా వీధి చివరి జొన్నరొట్టెల బండి దగ్గర ఆగాల్సి వచ్చింది!

'మామయ్యా, ఇక్కడ టాకో ఎక్కడ దొరుకుతుంది?'

మా మేనల్లుడు అడిగిన ప్రశ్న ఇది. వాడు పుట్టిందీ పెరిగిందీ అమెరికాలోని డాలస్‌లో. అక్కాబావా అక్కడి ఉద్యోగాలు వదులుకుని మారేడుపల్లిలో అమ్మ దగ్గరికి వచ్చేసి మూడు నెలలైంది. వాడు కొత్త బడికి అలవాటు పడ్డాడు. ఎండకి అలవాటు పడ్డాడు. ఆటోవాళ్లతో బేరం ఆడటం కూడా నేర్చుకున్నాడు. ఒక్క తిండి దగ్గరే పేచీ. కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిని లేచిపోతాడు.

సంగతేంటని బుజ్జగించి అడిగితే చెప్పాడు. డాలస్‌లో ప్రతి శనివారం సాయంత్రం ఫుట్‌బాల్ ఆట అయ్యాక బావ వాణ్ని ఓ పెట్రోలు బంకు పక్కన ఆగి ఉండే టాకో బండి దగ్గరికి తీసుకెళ్లేవాడట. అరచేతిలో పట్టేంత మొక్కజొన్న రొట్టెలు రెండు, ఒకదాని మీద ఒకటి. వాటి మీద కాల్చిన మాంసం ముక్కలు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, కొత్తిమీర. నిమ్మచెక్క పిండుకుని, ఎర్ర పచ్చడో ఆకుపచ్చ పచ్చడో వేసుకుని, మడిచి నోట్లో పెట్టుకోవడమే. కుర్చీల్లేవు, బల్లల్లేవు. కారుకి ఆనుకుని, మోచేతుల మీదుగా రసం కారకుండా కాస్త ముందుకు వంగి తినాలి.

'వాడు రంది పెట్టుకున్నడురా' అంది అక్క. 'నేను పెండ్లయి డాలస్ పోయిన కొత్తల గోంగూర కోసం ఎంత ఏడ్చిన్నో నీకు ఎర్కే గద. వాడిది గూడ గసొంటి బాధే.'

ఆ మాట గుచ్చుకుంది. మనవాళ్లు ఆవకాయ సీసాలు సూట్‌కేసుల్లో సర్దుకుని సముద్రాలు దాటడం గురించి ఎన్ని కథలు చదివాం, ఎన్ని జోకులు వేసుకున్నాం! కానీ అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చిన పిల్లాడికీ అలాంటి బెంగే ఉంటుందని ఎప్పుడూ తట్టలేదు. అందుకే మాటిచ్చేశా... 'అసలైన టాకో సికింద్రాబాద్‌లో ఎక్కడున్నా సరే, నీకు తినిపిస్తా' అని. మాటిచ్చినంత తేలిక కాదని తర్వాత తెలిసింది.

పెళపెళలాడింది కానీ...

మొదటి ఆదివారం ఓ కెఫేకి వెళ్లాం. మెనూలో 'మెక్సికన్' పేజీ చూసి వాడి కళ్లు మెరిశాయి. వచ్చింది మాత్రం అప్పడంలా పెళపెళలాడే పసుప్పచ్చ పెంకు. లోపల రాజ్మా, తురిమిన చీజ్, క్యాబేజీ. ఒక్కసారి కొరగ్గానే పెంకు మూడు ముక్కలై చొక్కా మీద పడింది. రెండో చోట మైదా రొట్టెలో పనీర్ పెట్టి, మయోనీజ్ నింపి చుట్టిచ్చారు. మూడోసారి సూపర్‌మార్కెట్లో టాకో పెంకుల డబ్బా కొని ఇంట్లోనే ప్రయోగం చేశాం. మావాడు మర్యాదస్తుడు. మూడుసార్లూ ఒకటే మాట: 'బాగుంది మామయ్యా. కానీ ఇది టాకో కాదు.'

నిజానికి తప్పు ఆ కెఫేలది కాదు. ఆ పెళపెళలాడే పెంకు కథంతా అమెరికాలో నడిచింది. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మిట్లా కెఫే అని ఓ చిన్న మెక్సికన్ హోటల్ ఉంది. 1937లో మొదలైంది. దానికి ఎదురుగా గ్లెన్ బెల్ అనే కుర్రాడు హాట్‌డాగ్‌ల కొట్టు నడిపేవాడు. ఎదుటి హోటల్లో నూనెలో వేయించిన టాకోల కోసం జనం బారులు తీరడం చూశాడు. అక్కడ తిని, చేసే విధానం తెలుసుకుని, తనూ అమ్మడం మొదలుపెట్టాడు. 1962లో ఆయన తెరిచిన దుకాణమే టాకో బెల్. ఈలోగా న్యూయార్క్‌లో హోటల్ నడిపే హువెన్సియో మాల్డొనాడో అనే మెక్సికన్, రొట్టెల్ని మడిచి నూనెలో వేయించే పరికరానికి 1950లో పేటెంటు సంపాదించాడు. పెంకుల్ని ముందే వేయించి పెట్టుకుంటే రోజుల తరబడి నిల్వ ఉంటాయి. అప్పటికప్పుడు రొట్టె చేసే మనిషి అక్కర్లేదు. డబ్బాల్లో పెట్టి ప్రపంచమంతా పంపొచ్చు. టాకో బెల్ 2010లో బెంగళూరు ద్వారా మన దేశానికీ వచ్చింది.

అంటే... రొట్టె చేసే చేతుల్ని తీసేస్తే మిగిలిందే పెంకు టాకో అన్నమాట. మా వేటలో నాకు అర్థమైన మొదటి సంగతి ఇది.

పది అడుగుల కొట్టుకి పెద్ద పేరు

మరి అసలు టాకో ఎలా ఉంటుంది? మెక్సికోలో టాకో అనేది ఒక వంటకం పేరు కాదు. అదొక తినే పద్ధతి. వేడి మొక్కజొన్న రొట్టె (దాన్ని తోర్తియా అంటారు) మీద ఏదో ఒకటి పెట్టుకుని మడిచి తింటే అది టాకో. మాంసం కావచ్చు, చేప కావచ్చు, చిక్కుడు గింజల ముద్ద కావచ్చు, గుమ్మడి పూలూ కావచ్చు. మనం అన్నంలోకి 'ఏం కూర?' అని అడిగినట్టే వాళ్లు టాకోలోకి ఏముందని అడుగుతారు.

ఆ పేరు వెనకా ఓ కథ ఉంది. వెండి గనుల్లో రాయి పగలగొట్టడానికి మందుగుండును కాగితంలో చుట్టి రంధ్రంలో దూర్చేవారు. ఆ పొట్లాన్ని టాకో అనేవారు. రొట్టెలో చుట్టిన కూర కూడా అలాగే ఉందని గని కార్మికులు ఆ పేరు పెట్టి ఉంటారని టాకోల చరిత్ర రాసిన జెఫ్రీ పిల్చర్ ఊహ. ఘాటైన పచ్చడి వేసుకుని తిన్నవాళ్లకి ఆ పోలిక తప్పనిపించదు!

కూలీల ఆకలి తీర్చిన ఆ తిండికి 2024లో పెద్ద గౌరవమే దక్కింది. మెక్సికో నగరంలో ఎల్ కాలిఫా దె లెయోన్ అనే టాకోల కొట్టు ఉంది. 1968 నుంచీ నడుస్తోంది. మొత్తం కొట్టు పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. అమ్మేది నాలుగు రకాల టాకోలే. నిలబడి తినాల్సిందే. దానికి మిషెలిన్ నక్షత్రం ఇచ్చారు. ప్రపంచంలో పేరుమోసిన పెద్దపెద్ద హోటళ్లవాళ్లు కలలుగనే గుర్తింపు అది. ఒక టాకోల కొట్టుకి అది రావడం అదే తొలిసారి.

షవర్మా చుట్టరికం

'ఇంతకీ నువ్వు తినేది ఏ టాకో?' అని అడిగితే మావాడు 'అల్ పాస్తోర్' అన్నాడు. నిలువు కడ్డీకి మాంసం పొరలు గుచ్చి, పక్కనుంచి మంట పెడుతూ, తిప్పుతూ కాలుస్తారట. కాలిన పైపొరను కత్తితో చెక్కుతూ నేరుగా రొట్టెలో పడేస్తారట. పైనుంచి ఓ అనాస ముక్క.

వింటుంటే ఎక్కడో చూసినట్టు లేదూ? సాయంత్రమైతే మన సికింద్రాబాద్ వీధుల్లో తిరిగేది ఆ కడ్డీయే. షవర్మా! నిజంగానే రెండూ చుట్టాలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లెబనాన్ వైపు నుంచి చాలామంది మెక్సికోకి వలస వెళ్లారు. ప్యూబ్లా నగరంలో స్థిరపడి, తమ ఊళ్లో చేసుకున్నట్టే నిలువు కడ్డీ మీద మాంసం కాల్చి అమ్మారు. వాటిని అక్కడివాళ్లు 'అరబ్ టాకోలు' అన్నారు. ఆ తర్వాతి తరం గొర్రెమాంసం బదులు పంది మాంసం పెట్టింది. ఎండుమిర్చి ముద్ద పట్టించింది. గోధుమ రొట్టె పోయి మొక్కజొన్న రొట్టె వచ్చింది. అలా పుట్టిన అల్ పాస్తోర్ ఇవాళ మెక్సికో నగరానికి గుర్తు.

మన ఇరానీ చాయ్‌దీ ఇదే దారి కదా! ఇరాన్‌లో టీలో పాలు పోసుకోరు. చిన్న గ్లాసులో నల్లటి డికాషన్, పంటికింద చక్కెర బిళ్ల. అక్కణ్నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ కూడళ్లలో హోటళ్లు తెరిచాక, మనవాళ్ల నాలుకకి తగ్గట్టు డికాషన్‌లో చిక్కటి పాలు చేరాయి. పక్కన ఉస్మానియా బిస్కట్టు చేరింది. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫాలో చాయ్ తాగుతూ 'ఇది అసలైన ఇరానీ టీ కాదు' అని ఎవరైనా అంటే ఊరుకుంటామా? వలస వచ్చిన వంట కొత్త ఊళ్లో మారుతుంది. అది తప్పు కాదు. కానీ దానికీ ఓ ప్రాణం ఉంటుంది. చాయ్‌లో అది డికాషన్. టాకోలో అది రొట్టె.

అది తెలిశాక వెతకాల్సింది కెఫేల్లో కాదని తేలిపోయింది. సంచీ పట్టుకుని మోండా మార్కెట్‌కి బయల్దేరాం.

మార్కెట్టంతా మెక్సికోనే!

టాకోలోకి ఏమేం కావాలో మావాడు కాగితం మీద రాసుకొచ్చాడు. ఒక్కొక్కటే కొంటూ ఉంటే వాడికి ఆ సరుకుల సంగతులు చెప్పాను. మిరపకాయ మెక్సికో ప్రాంతం నుంచి లోకమంతా పాకింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మన దేశంలో మిరప లేదు. అప్పటిదాకా కారమంటే మిరియాలే. గుంటూరు మిర్చి యార్డూ, ఆవకాయలో ఎర్రకారం, సాయంత్రం తినే మిరపకాయ బజ్జీ... అన్నీ ఆ తర్వాతి ముచ్చట్లే. టమాటా కూడా అక్కడిదే. ఆ పేరు కూడా మెక్సికో ఆదివాసుల నవాట్ల్ భాషలోని 'తొమాట్ల్' నుంచి వచ్చింది. సపోటాదీ అదే ఊరు. బొప్పాయి, జామ, సీతాఫలం... ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఆఖరికి దసరాకి గుమ్మాలకి కట్టే బంతిపూలు, బతుకమ్మలో పేర్చే బంతిపూలు కూడా పుట్టుకతో మెక్సికోవే. నవంబరు మొదట్లో చనిపోయిన పెద్దల్ని తలచుకునే పండగలో వాళ్లు ఆ పూలనే దారంతా పరుస్తారు.

'అయితే మనం వాళ్ల దగ్గర తీసుకోవడమేనా?' అన్నాడు మావాడు. కాదు. టాకో మీద పిండే నిమ్మజాతి ఆసియాది. ఉల్లి, కొత్తిమీర అటు నుంచి కాదు, ఇటు నుంచే వెళ్లాయి. నువ్వులు వాళ్ల 'మోలె' అనే పులుసులో పడతాయి. స్పానిష్‌వాళ్ల ఓడలు ఫిలిప్పీన్స్‌లోని మనీలాకీ మెక్సికోకీ మధ్య రెండున్నర శతాబ్దాలు తిరిగాయి. ఆ దారిన మామిడి చేరింది. అక్కడ ఓ మామిడి రకం పేరు ఇప్పటికీ 'మనీలా'నే. టాకో బండ్ల దగ్గర చింతపండు పానకం అమ్ముతారు.

అక్కకి నచ్చింది మాత్రం మరో సంగతి. ఆ బండ్ల దగ్గరే 'హమైకా' అనే ఎర్రటి చల్లని పానీయం ఉంటుంది. అది ఎర్ర గోంగూర జాతి మొక్కదే. ఆకు మనం పచ్చడి చేసుకుంటాం. కాయ చుట్టూ ఉండే ఎర్రటి పుల్లటి రేకుల్ని వాళ్లు మరిగించి, చక్కెర వేసి తాగుతారు. 'అయ్యో... డాలస్‌ల పదిహేనేండ్లు నా ముందటనే ఉందా గోంగూర! ఎర్రగుంటే ఏదో షర్బత్ అనుకున్న' అని నెత్తి కొట్టుకుంది.

తార్నాకలో దొరికిన ముడి

సరుకులన్నీ దొరికాయి. రొట్టె? మొక్కజొన్న పిండి తెచ్చి, వేడినీళ్లు పోసి కలిపాం. ఒత్తబోతే అంచులన్నీ పగుళ్లు. పెనం మీద వేస్తే ఇసుకలా రాలిపోయింది. మావాడు వాసన చూసి పెదవి విరిచాడు. 'ఇది కార్న్ వాసన. తోర్తియా వాసన కాదు.'

తేడా ఎక్కడుందో పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. తేడా సున్నంలో ఉంది! మెక్సికోలో మొక్కజొన్నని నేరుగా పిండి పట్టరు. ఎండు గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిస్తారు. తెల్లారి కడిగితే పైపొట్టు జారిపోతుంది. ఆ తడి గింజల్ని రుబ్బితే జిగురుగా, ముద్దగా, ఒత్తడానికి వీలుగా పిండి వస్తుంది. ఇలా సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నని నిష్టమల్ అంటారు. మూడువేల ఏళ్లకు పైగా చేస్తున్నారు. మన సన్నికల్లు లాంటి రాతి మీద నూరేవారు. మన పెనం లాంటి 'కొమాల్' మీద కాల్చేవారు.

సున్నం చేసేది జిగురు ఒక్కటే కాదు. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి-విటమిన్ ఉన్నా అది మన ఒంటికి అందకుండా బిగిసి ఉంటుంది. సున్నపు నీళ్లలో ఉడికినప్పుడు ఆ ముడి వీడుతుంది. స్పానిష్‌వాళ్లు మొక్కజొన్న గింజల్ని ఓడలకెక్కించి యూరప్‌కి తెచ్చారు కానీ సున్నం సంగతి తేలేదు. ఫలితం? మొక్కజొన్న ఒక్కటే తిని బతికే ఇటలీ, స్పెయిన్ పేదల్ని పెల్లాగ్రా అనే జబ్బు పట్టుకుంది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు రాలడం, విరేచనాలు, మతి చలించడం, చివరికి చావు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో వేలమంది ఆ జబ్బుతో పోయారు. లోపం నియాసిన్‌దేనని తేలింది 1937 తర్వాతే. మెక్సికోలో సున్నం వేసుకుని రొట్టె చేసుకునే పేదింటి ఇల్లాలు మాత్రం ఏ శాస్త్రం చదవకుండానే పిల్లల్ని కాపాడుకుంది.

ఈ కథలో మన ఊరికీ ఓ చోటుంది. సికింద్రాబాద్ పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలైన పరిశోధనశాల 1958లో ఇక్కడికి వచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఆ రోజుల్లో దక్కన్‌లో జొన్నలే తిండిగా బతికే పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. మొక్కజొన్న తిననివాళ్లకి ఆ జబ్బెందుకు వస్తోందని డాక్టర్ సి.గోపాలన్, ఆయన సహచరులు ఆరా తీశారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండటం వల్ల ఒంట్లో నియాసిన్ తయారీ దెబ్బతింటోందని 1960లో ప్రతిపాదించారు. దాని మీద శాస్త్రవేత్తల్లో చాలాకాలం చర్చ నడిచింది. అలాగని ఇప్పుడు జొన్నరొట్టె తినేవాళ్లు భయపడక్కర్లేదు. పప్పు, పాలు, ఆకుకూరలు, గుడ్లతో కలిపి తింటే ఏ బాధా లేదు. ఆ జబ్బు జొన్నది కాదు, జొన్న తప్ప మరేదీ దొరకని పేదరికానిది.

ఈ సంగతి ఇంట్లో చెబుతుంటే అమ్మ ఉన్నట్టుండి ఆగింది. అమ్మ పుట్టిల్లు జహీరాబాద్ దగ్గరి పల్లె. 'మా చిన్నప్పుడు కలుపు తీసేతందుకు ఒకామె వచ్చేది. ఎండకాలమొస్తే మెడ చుట్టు, చేతుల మీద తోలు నల్లగయ్యి రాలేది. దిష్టి తాకిందనేటోళ్లు. ఆమె తినేది రొట్టె, కారమే. ఇంకేం దొరుకుతుండె!' అంది. కాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు.

రొట్టె బండి దగ్గర

ఆ సాయంత్రం మావాణ్ని తీసుకుని నడకకి బయల్దేరా. మా వీధి చివర, చెట్టు కింద, ఓ జొన్నరొట్టెల బండి ఉంటుంది. రోజూ దాన్ని దాటుకుంటూనే ఆఫీసుకి వెళ్లొస్తా. భార్యాభర్తలిద్దరూ నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆవిడ వేడినీళ్లతో పిండి కలిపి, ముద్ద తీసుకుని, రెండు చేతులా తట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన అద్ది, తిప్పి, పొంగనిచ్చి తీస్తుంది. ఒక్కో రొట్టెకి రెండు నిమిషాలు కూడా పట్టదు. చుట్టూ ఓ పది మంది. షుగర్ ఉందని వచ్చిన పెద్దాయన, హాస్టల్ పిల్లలు, డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డు. అందరూ నిలబడే తింటున్నారు.

మావాడు చప్పుడు కాకుండా చూస్తున్నాడు. చప్పట్లు కొట్టినట్టు ఆ చేతుల చప్పుడు. రొట్టె పొంగినప్పుడు వచ్చే వాసన. 'మామయ్యా, బండి ఆంటీ కూడా ఇలాగే చేసేది!' అన్నాడు. డాలస్ బండిలో మాంసం కాల్చేది ఆయనైతే రొట్టెలు చేసేది ఆయన భార్యట. ఇన్నాళ్లూ ఆ మాట చెప్పనేలేదు.

పక్క బండి నుంచి చికెన్ ఫ్రై తెచ్చుకున్నాం. ఆవిణ్ని అడిగితే చిన్న రొట్టెలు చేసి పెట్టింది. 'గింత శిన్నగనా? పిల్లలాడుకునేతట్టు!' అని నవ్వింది. వేడి రొట్టె మీద చికెన్ ముక్కలు, ఉల్లిపాయ, రెండు కొత్తిమీర రెబ్బలు, ఆవిడ నూరిన పచ్చిమిర్చి పచ్చడి. నిమ్మచెక్క పిండి, మడిచి, కాస్త ముందుకు వంగి కొరికాడు. నమిలాడు. ఏమంటాడోనని నేను వాడి మొహమే చూస్తున్నా.

'ఇది టాకో కాదు మామయ్యా' అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. 'కానీ... టాకోకి చుట్టం. ఇంకోటి తినొచ్చా?'

ఆ పూట నాలుగు తిన్నాడు. రెండో రొట్టె తర్వాత చెంగున వెళ్లి 'ఆంటీ, నాక్కూడా నేర్పిస్తారా?' అని అడిగాడు. ఆవిడ ఆశ్చర్యపోయింది. 'మా పిల్లలే నేర్చుకుంటలేరు. నువ్వేం జేస్తవ్ బిడ్డా నేర్చుకొని?' అంది.

అమ్మ చేయి

ఆవిడ మాట ఇంటికొచ్చాక అమ్మకి చెప్పాను. అమ్మ నవ్వలేదు. 'నాకు మాత్రం ఎవరడిగిన్రు?' అంది.

నిజమే. మా చిన్నప్పుడు ఇంట్లో జొన్నరొట్టె వాసన వస్తే నేనూ అక్కా మొహం చిట్లించేవాళ్లం. స్నేహితులొస్తే దాచేసేవాళ్లం. తెల్లన్నం తినడమంటే పట్నవాసులం అయినట్టు. నెమ్మదిగా అమ్మ రొట్టె చేయడం మానేసింది. రొట్టెల పెనం అటకెక్కింది. ఇప్పుడు అదే రొట్టెని డాక్టరు చెప్పాడని వీధి చివర కొనుక్కుని తింటున్నాం. హైదరాబాద్‌ని 2019లో యునెస్కో రుచుల నగరాల జాబితాలో చేర్చిందని నేనే గొప్పగా చెప్పుకుంటా. మా ఇంట్లో ఉన్న రుచిని అటక మీద పెట్టిందీ నేనే.

మర్నాడు పెనం కిందికి దిగింది. మనవడి కోసం అమ్మ రంగంలోకి దిగింది. ఎండు మక్కలు తెచ్చాం. సున్నం అనగానే మాత్రం ఉలిక్కిపడింది. 'మక్కలల్ల సున్నమేస్తరా? పాన్ల ఏసినట్టు?' అని. మొదటిసారి నీళ్లెక్కువై పిండి దోసెపిండిలా జారింది. రెండోసారి గింజ సరిగా ఉడకలేదు. మూడో ఆదివారం గిన్నె మూత తీయగానే తడి మట్టి వాసన, కాల్చిన పొత్తు వాసన కలిసిన ఏదో కొత్త వాసన. పొట్టు వేళ్ల మధ్య జారిపోయింది. గ్రైండర్‌లో గట్టిగా రుబ్బి ఉండలు చేశాం. అమ్మకి రొట్టె ప్రెస్సు అక్కర్లేకపోయింది. అరవై ఏళ్ల అలవాటు. అరచేతుల మధ్య తట్టి పెనం మీద వేసింది. తిప్పింది. రొట్టె పొంగింది.

మావాడు వాసన చూశాడు. ఏమీ అనలేదు. వెళ్లి వాళ్ల నాన్నని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చాడు. 'నాన్నా, వాసన చూడు' అన్నాడు. బావ చూశాడు. 'శనివారం' అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

అసలైన మెక్సికన్ టాకో సికింద్రాబాద్‌లో దొరుకుతుందా అని అడిగితే ఇప్పుడు నా దగ్గర జవాబుంది. దొరుకుతుంది. కాకపోతే కొనుక్కుంటే కాదు. చేతితో రొట్టె తట్టడం వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే దొరుకుతుంది. మావాడు ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున అమ్మమ్మ పక్కన కూర్చుంటున్నాడు. వాడు తట్టే రొట్టె ఇంకా గుండ్రంగా రావడం లేదు. తెలంగాణ పటంలా వస్తోంది. అమ్మ మాత్రం 'గదే వస్తదిలే' అంటోంది. ఒక వారం టాకో, ఒక వారం జొన్నరొట్టె. అది వాళ్లిద్దరి ఒప్పందం.

ఇంట్లోనే చేసుకుంటారా?

రొట్టెకి: తినడానికి పనికొచ్చే శుభ్రమైన ఎండు మొక్కజొన్న గింజలు అరకిలో తీసుకోవాలి. బూజు పట్టినవి వద్దు. విత్తనాల కోసం అమ్మేవాటికి మందు పట్టిస్తారు కాబట్టి అవి అసలే వద్దు. స్టీలు గిన్నెలో లీటరున్నర నీళ్లు పోసి, తినడానికి వాడే సున్నం ఒక చెంచా (5 గ్రాములు) కలపాలి. గోడలకు వేసే సున్నం వాడకూడదు. అల్యూమినియం గిన్నె పనికిరాదు. గింజలు వేసి సన్నమంట మీద ముప్పావు గంట ఉడికించి, మూతపెట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున నాలుగైదు నీళ్లతో, పొట్టు పోయేలా చేత్తో రుద్దుతూ కడగాలి. చాలా తక్కువ నీళ్లతో, చపాతీ పిండిలా గట్టిగా రుబ్బాలి. ఉప్పు కలిపి నిమ్మకాయంత ఉండలు చేసి, రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి పళ్లెంతో అదిమితే చాలు. బాగా కాలిన పెనం మీద రెండు మూడుసార్లు తిప్పుతూ కాల్చి, గుడ్డలో చుట్టి ఉంచాలి.

పచ్చడికి: మూడు టమాటాలు, నాలుగు పచ్చిమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు పెనం మీద నల్లటి మచ్చలు పడేదాకా కాల్చి, ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరాలి. ఇది మన కాల్చిన టమాటా పచ్చడే. పోపు ఒక్కటే తక్కువ!

పైన పెట్టడానికి: నానబెట్టిన ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, కొంచెం వెనిగర్, ఉప్పు కలిపి రుబ్బి, ఎముకల్లేని చికెన్‌కి పట్టించి గంట ఉంచాలి. పెనం మీద బాగా వేగనిచ్చి సన్నగా తరగాలి. అనాస ముక్కలు కూడా అదే పెనం మీద కాల్చాలి. మాంసం తిననివాళ్లు పుట్టగొడుగులు, గుమ్మడి పూలు, ఉడికించిన రాజ్మా పెట్టుకోవచ్చు. ఉల్లి, కొత్తిమీర, నిమ్మచెక్క మాత్రం తప్పనిసరి. తినేటప్పుడు కాస్త ముందుకు వంగడం మర్చిపోవద్దు.